ఇస్సాకు కునుకు

దాచేపల్లి దాటాక మా ట్రక్కులు పెద్ద రోడ్డు వదిలి కృష్ణ వైపు మళ్లాయి. అప్పుడే తెల్లవారింది. వాన తెరిపిచ్చింది గానీ మబ్బు వీడలేదు. రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్ల గుట్టలు, వాటి మధ్య పత్తి చేలు. కొంత దూరం పోయాక రోడ్డు నీళ్లలోకి దిగిపోయింది. అక్కడి నుంచి కరెంటు స్తంభాల పైభాగాలు మాత్రమే కనబడుతున్నాయి. రోడ్డు ఎటు పోయిందో ఆ స్తంభాల వరసను బట్టి తెలుసుకోవాలి.

నేను ఇంజనీర్ల పటాలంలో నాయబ్ సుబేదార్‌ని. ఎగువన డ్యాముల గేట్లెత్తడంతో ఒడ్డు ఊళ్లు మునిగాయి. జనాన్ని బయటికి తెచ్చే పనికి మా కంపెనీని పంపారు. కాశ్మీరులో పనిచేశాను. అస్సాంలో పనిచేశాను. సొంత పల్నాటి నేల మీద యూనిఫారంలో దిగడం మాత్రం నా సర్వీసు మొత్తంలో అదొక్కసారే. గురజాల పక్కనున్న మా ఊరు అక్కడికి బస్సులో గంట దూరం. డ్యూటీ ముగిసేదాకా ఇంటి గడప తొక్కలేదు. మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

ఎత్తు మీదున్న హైస్కూల్లో మా మకాం. పదో తరగతి గది మాకు, మిగతా గదులన్నీ మునిగిన ఊళ్ల జనానికి. మేజర్ సాబ్ హిందీలో క్లుప్తంగా ఆర్డర్లిచ్చారు. మూడు అల్యూమినియం పడవలు. ప్రతి పడవలో వెనక మోటారు పిడి దగ్గర డ్రైవరు, ముందు గెడ పట్టుకున్న జవాను, మధ్యలో వాకీటాకీ మనిషి. ఉదయం ఆరింటికి మొదటి ట్రిప్పు. చీకటి పడేలోపు ఆఖరిది. లైఫ్ జాకెట్ లేనిదే ఎవరూ పడవ ఎక్కకూడదు. మేకల్ని కాళ్లు కట్టి ఎక్కించాలి.

మొదటి పడవ డ్రైవరు లాన్స్ నాయక్ ఇస్సాకు. నాదెండ్ల దగ్గర పల్లెటూరి వాడు. పడవ నడపడంలో మా కంపెనీలో వాడిని మించినవాడు లేడు. నీటి మీద ముడతను చూసి కింద గోడ ఉందో, చెట్టు ఉందో చెప్పేవాడు. వాడి యాస వినగానే డాబాల మీద ఉన్న జనానికి ప్రాణం లేచొచ్చేది. "మనోడే, ఎక్కండెక్కండి," అని ఒకరినొకరు పిలుచుకునేవారు.

కాకపోతే వాడు పగలు నిద్రపోయేవాడు.

అది మామూలు నిద్ర కాదు. అన్నం ముద్ద చేతిలో ఉండగానే కునికేవాడు. బూటు లేసు కట్టుకుంటూ పక్కకు ఒరిగేవాడు. పావుగంటలో లేచి, అప్పుడే తలస్నానం చేసినవాడిలా హుషారుగా పనిలో పడేవాడు. రెండు మూడు గంటలు గడిస్తే మళ్లీ అంతే. మా హవల్దార్‌కు వాడంటే మంట. ఆయనది కృష్ణకు అవతల, నల్గొండ వైపు. పని దగ్గర అన్నదమ్ముణ్ణి కూడా వదలని మనిషి.

"సాబ్, ఇస్సాకు మల్ల పన్నడు," అని నాకు రోజూ రిపోర్టు చేసేవాడు. "ఎవలకు రాదు సాబ్ నిద్ర? నాకొస్తలేదా? ఒళ్లు బరువు, గంతే."

ఇస్సాకు జేబులో ఎప్పుడూ పచ్చిమిరపకాయలు ఉండేవి. పడవ నడుపుతూ నమిలేవాడు. గుంటూరు జిల్లా వాళ్లకు కారం లేకపోతే పూట గడవదని మిగతా జవాన్లు ఎగతాళి చేసేవాళ్లు.

మేం దిగిన కొద్ది రోజులకే ఆ సంఘటన జరిగింది. మిట్టమధ్యాహ్నం. పడవ నిండా జనం, రెండు మేకలు. నేను ముందు వైపున్నాను. ప్రవాహం వడిగా లేదు. దారి తెలిసిందే. ఉన్నట్టుండి పడవ మెల్లగా ఎడమకు తిరగడం మొదలుపెట్టింది. ఎదురుగా సాగిపోయి వేలాడుతున్న కరెంటు తీగలు. సరఫరా ఆపేశారు, షాకు భయం లేదు. కానీ తీగలు సరిగ్గా కూర్చున్నవాళ్ల మెడల ఎత్తులో ఉన్నాయి.

"డ్రైవర్! తీగలు! తీగలు!" వాకీటాకీ జవాను అరిచాడు.

వెనక్కి తిరిగి చూశాను. ఇస్సాకు నిటారుగా కూర్చునే ఉన్నాడు. చెయ్యి పిడి మీదే ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. ఆ కళ్లలో మాత్రం వాడు లేడు. జనం భుజాల మీద చేతులేసి దాటుకుంటూ వెళ్లి మోటారు ఆపాను. గెడ పట్టుకున్న జవాను తీగను పైకెత్తాడు. ఒకావిడ తన బిడ్డ తలను ఒళ్లోకి అదిమి పట్టుకుంది. తీగ మా తలల మీదుగా వెళ్లిపోయింది.

"ఏమైంది సార్?" అన్నాడు ఇస్సాకు. నిజంగానే వాడికి ఏం జరిగిందో తెలియదు.

ఒడ్డుకు చేరాక పక్కకు తీసుకెళ్లాను.

"తాగావా?"

"లేదు సార్. దేవుడి తోడు, నేను ముట్టను."

"రాత్రి పడుకోలేదా?"

"అందరితో పాటే పడుకున్నా సార్. ఎంత పడుకున్నా ఇంతే. ఎవురో లోపల స్విచ్చి కట్టేసినట్టుంటది. నా చేతిలో ఉండదు. అందుకే ఈ మిరపకాయలు. కొరికితే మంటకి కాసేపు మెలకువ ఆగుద్ది."

కింది పెదవి లాగి చూపించాడు. లోపలంతా పుండ్లు. అది చూశాక నాకు వాడి మాట మీద అనుమానం పోయింది. ఒళ్లు బరువైనవాడు తనకు తాను ఇంత శిక్ష వేసుకోడు.

"ఈ నిమిషం నుంచి నువ్వు పడవ ఎక్కొద్దు," అన్నాను. "మిగతాది తర్వాత చూద్దాం."

పటాలంలో డ్యూటీ మీద నిద్రపోవడం పెద్ద నేరం. హవల్దార్ సాయంత్రానికల్లా చార్జి పెట్టాలని పట్టుబట్టాడు. ఆయన తప్పు లేదు, రూలు అదే. డాక్టర్ చూసేదాకా ఆగమని మేజర్ సాబ్‌ను అడిగాను. ఆయన సరేనన్నారు.

మర్నాడు స్కూలు వరండాలో భోజనాల వరస. ఇస్సాకు రసం బకెట్టు పట్టుకుని వడ్డిస్తున్నాడు. వరసలో ఒక ముసలావిడ ఉంది. మేమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. వరదలో ఇల్లు వదిలేసి వచ్చింది గానీ చంకలో కోడిని వదలలేదు. ఇస్సాకు కునకడం ఆమె రోజూ చూస్తూనే ఉంది.

"ఒరేయ్ అబ్బాయ్, నీకు పెళ్లయిందా?"

"లేదు పెద్దమ్మా."

"అయితే నా కోడిని చేసుకో. ఇదీ నీ మాదిరే పొద్దస్తమానం కునుకుతా ఉంటది. ఎవురు ముందు లేస్తే వాళ్లు రెండోవాళ్లని లేపుకోవచ్చు."

వరసంతా గొల్లుమంది. ఇస్సాకు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే వాడి దవడ జారింది. తల వాలింది. బకెట్టు బోర్లాపడింది. మోకాళ్లు మడతపడి, ఒలికిన రసంలో కుప్పలా కూలిపోయాడు.

"ఫిట్సు! ఫిట్సు! చేతిలో తాళాలు పెట్టండి!" అని ఎవరో అరిచారు. ఒకాయన మొలలోంచి తాళంచెవుల గుత్తి తీసి వాడి గుప్పిట్లో పెట్టాడు.

హెడ్మాస్టరు గదిలో వైద్య శిబిరం నడుపుతున్న మా డాక్టరమ్మ పరుగున వచ్చింది. కెప్టెన్ హోదా, చిన్న వయసు. తాళాలు తీసి పక్కన పెట్టి, వాడి పక్కనే రసంలో మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇస్సాకూ, నా మాట వినిపిస్తుంటే ఒకసారి కళ్లు మూసి తెరువు."

మూసి తెరిచాడు. కాసేపటికి చెయ్యి కదిలింది. ఆ వెంటనే తనంతట తానే లేచి కూర్చున్నాడు.

"అన్నీ వినపడ్డయి మేడమ్. పెద్దమ్మ అయ్యో కొడకా అనటం కూడా. కాళ్లే నా మాట వినలా."

డాక్టరమ్మ వాడిని గదిలోకి తీసుకెళ్లింది. నన్నూ హవల్దార్‌నూ కూడా రమ్మంది. ముందు హవల్దార్‌ను అడిగింది, వీడు గురక పెడతాడా అని.

"లేదు మేడమ్. పక్క మంచమే నాది. సప్పుడే ఉండదు."

జలుబు మాత్రలు, దగ్గు మందులు, నిద్ర మాత్రలు ఏమైనా వాడుతున్నాడా అని అడిగింది. లేదు. తర్వాత ఇస్సాకు వైపు తిరిగింది.

"నిద్రలోకి జారేటప్పుడు కళ్ల ముందు ఏవైనా కనబడతాయా? మెలకువ వచ్చాక కూడా కాసేపు ఒళ్లు కదలకుండా ఉంటుందా?"

ఇస్సాకు మొహం మారిపోయింది.

"మీకెట్టా తెలుసు మేడమ్? గుండె మీద ఎవురో కూచున్నట్టుంటది. మా అమ్మ దయ్యమనుకోని పాస్టరు గారితో ప్రార్థన కూడా చేయిచ్చింది. ఈ నిద్ర మొదలై నాలుగైదేళ్లయింది. నవ్వితే కాళ్లు జారటం మాత్రం ఈ ఏడే."

"ఎవరికీ చెప్పలేదేం?"

"ఉజ్జోగం పోద్దని."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఆమె చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే.

"పగలు తూగేవాళ్లలో చాలామందికి కారణం రాత్రి సరిపడా నిద్ర లేకపోవడమే. కొందరికి గురకలో ఊపిరి ఆగి ఆగి నిద్ర చెడుతుంది. కొందరికి మందుల వల్ల, మనోవ్యాధి వల్ల. ఇతనిది వేరుగా కనబడుతోంది. మెలకువను నిలబెట్టే ఏర్పాటు ఒకటి మెదడులో ఉంటుంది. అది దెబ్బతింటే నిద్ర పగటిలోకి చొరబడుతుంది. నవ్వినా, కోపం వచ్చినా, సంతోషం పట్టలేకపోయినా ఒంట్లో పట్టు సడలిపోతుంది. దీన్ని నార్కోలెప్సీ అంటారు. అదేనని నేనిక్కడ తేల్చలేను. పెద్దాసుపత్రిలో నిద్ర పరీక్షలు చేయాలి. ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే చెప్పగలను. ఇది బద్ధకం కాదు."

ఇస్సాకు గోడకు ఆనుకున్నాడు. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. అన్నేళ్లలో వాడితో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమె.

తర్వాత ఆమె ఆర్డర్లు. పరీక్షలు అయ్యేదాకా మోటారు, స్టీరింగు, తుపాకీ, నిచ్చెన ముట్టుకోకూడదు. నీళ్ల దగ్గర ఒంటరిగా ఉండకూడదు. రాత్రి రోజూ ఒకే వేళకు పడుకోవాలి. మధ్యాహ్నం కడుపు నిండా తినకూడదు. మిరపకాయలు బంద్. పగలు రెండుసార్లు, పొద్దున పనికీ భోజనానికీ మధ్య ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి, చిన్న కునుకు తీయాలి.

"ముంచుకొచ్చేదాకా ఆగొద్దు," అంది నాతో. "కాపలా మార్చినట్టే టైముకు పడుకోబెట్టండి, టైముకు లేపండి."

మేజర్ సాబ్ అంతా విని చార్జి మాట పక్కన పెట్టారు. హవల్దార్‌కు మాత్రం మింగుడుపడలేదు.

"పగటిపూట పండవెట్టుడు గూడ డ్యూటీయేనా సాబ్?"

"ఇవాళ్టి నుంచి అదే ఆర్డరు," అన్నాను.

అసలు కష్టం ఇస్సాకుతో వచ్చింది. "పడవ లేనప్పుడు నేనెందుకు సార్ ఇక్కడ? గిన్నెలు కడగటానికా?" అన్నాడు.

"మోటార్లు పూటకొకటి ఆగిపోతున్నాయి," అన్నాను. "పత్తి కట్టె, డ్రిప్పు పైపులు రెక్కలకు చుట్టుకుంటున్నాయి. ఒడ్డున కూర్చుని మోటార్లు బాగుచెయ్యి. నీకు తెలిసిన దారి కొత్త డ్రైవర్లకు నేర్పు. పడవలన్నీ నువ్వు నడిపినట్టే."

వేపచెట్టు కింద టార్పాలిన్ కట్టించి, ఒక నవారు మంచం వేయించాను. వాడు టైముకు పడుకున్నాడు, టైముకు లేచాడు. లేచినప్పుడల్లా చేతిలో స్పానరు. ఆ తర్వాత మా మోటారు ఒక్కటి కూడా పూట కంటే ఎక్కువ ఆగలేదు. నడకలో, మాటలో వాడికి మునుపటి బెదురు పోయింది. దాక్కుని కునకాల్సిన అవసరం లేకపోయేసరికి మనిషే మారిపోయాడు.

ఆ వారంలోనే ఎగువన మరికొన్ని గేట్లెత్తారని కబురొచ్చింది. మధ్యాహ్నం నుంచి నీళ్లు పెరగసాగాయి. వాన మొదలైంది. నదికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో కొన్ని కుటుంబాలు ఇళ్లు వదిలి రామని ఉండిపోయాయి. ఇప్పుడు వాళ్లంతా చర్చి డాబా మీద చేరారు. మొదటి రోజుల్లో అక్కడికి పడవ నడిపింది ఇస్సాకే, దారి బాగా తెలిసిందీ వాడికే.

"ఎక్కడ అతను?" మేజర్ సాబ్ అడిగారు.

"కునుకులో ఉన్నాడు సాబ్. పడవలు దింపేలోపు లేస్తాడు."

లేచాడు. మొహం కడుక్కుని, ఒడ్డున టార్పాలిన్ కింద వాకీటాకీ ముందు కూర్చున్నాడు. ఒంటరిగా వదలొద్దన్నారు కాబట్టి పక్కన హవల్దార్‌ను కూర్చోబెట్టాను. నేను మొదటి పడవ ఎక్కాను. మా డ్రైవరు కేరళ కుర్రాడు. ఇస్సాకు చెప్పేది నేను విని వాడికి హిందీలో చెప్పాలి.

వానలో ఎదుటి మనిషి మసకగా కనబడుతున్నాడు. పాత గుర్తులన్నీ మునిగిపోయాయి.

"బేస్, పడవ ఒకటి. వాటర్ ట్యాంకు దాటాం. ముందు రెండు వైపులా ఖాళీగానే ఉంది. ఓవర్."

"సార్, కుడి పక్కకి పోబాకండి. అక్కడ మిర్చి షెడ్డు రేకులున్నయి, నీళ్ల కింద. చింతచెట్టు తల కనపడతందా? ఓవర్."

"కనపడుతోంది. ఓవర్."

"దానికి ఎడంగా రండి. చెట్టు దాటినాక బావి గోడ ఉంటది. మోటారు పైకెత్తి గెడలతో నెట్టండి. ఓవర్."

గెడ దింపితే టక్కుమని రాయి తగిలింది. బావి గోడ. మోటారు ఎత్తి పడవను తోశాం. వెనక రెండో పడవ మా జాడలోనే వచ్చింది. కాసేపు ఏ మాటా రాలేదు.

"బేస్, ఇస్సాకు ఉన్నాడా? ఓవర్."

హవల్దార్ గొంతు పలికింది. "మేలుకోనే ఉన్నడు సాబ్. ఆలోచిస్తున్నడు. ఓవర్."

వెంటనే ఇస్సాకు అందుకున్నాడు. "సార్, నీళ్లు ఇంత పెరిగినయంటే బడి ప్రహరీ మీద నుంచి పడవ పోద్ది. సుట్టూ తిరగొద్దు. నేరుగా చర్చి సిలవ వైపు పోనీండి. ఓవర్."

నేరుగా పోనిచ్చాం. పడవ అడుగు గోడకు రాసుకుని కిర్రుమంది, అంతే, దాటింది. డాబా మీది జనం మమ్మల్ని చూసి చేతులు ఊపలేదు, అరవలేదు. చర్చి పల్లంలో ఉంది, అప్పటికే నీళ్లు వాళ్ల కాళ్ల దాకా వచ్చాయి. పిల్లలను ముందు అందించారు. తర్వాత ముసలివాళ్లు. రెండు పడవలు నిండాయి. ఎవరూ మిగల్లేదని నేనే డాబా ఎక్కి చూశాను.

వచ్చిన దారినే తిరిగొచ్చాం. వాటర్ ట్యాంకు దగ్గరికి వచ్చాక చెప్పాను. "బేస్, పడవ ఒకటి. అందరూ వచ్చేశారు. ఒక్కరు కూడా మిగల్లేదు. ఓవర్."

ఒడ్డున చప్పట్లు, ఈలలు వాకీటాకీలో వినబడ్డాయి. ఇస్సాకు నవ్వు వినబడింది. తర్వాత ఆ నవ్వు సగంలో తెగిపోయింది.

"బేస్! ఏమైంది? ఓవర్."

"ఏం గాలే సాబ్," అన్నాడు హవల్దార్. "నవ్విండు. కూలవడ్డడు. పట్టుకున్న."

డ్యూటీ ముగిశాక ఇస్సాకును మిలిటరీ ఆసుపత్రికి పంపాం. ఒక రాత్రంతా తలకు వైర్లు పెట్టి నిద్రను చూశారు. మర్నాడు పగలు కాసేపటికోసారి పడుకోబెట్టి ఎంత త్వరగా నిద్రలోకి జారుతున్నాడో చూశారు. డాక్టరమ్మ అనుకున్నదే నిజమైంది. మందులిచ్చారు. జబ్బు పూర్తిగా పోదన్నారు, అదుపులో ఉంటుందన్నారు. వాడిని డ్రైవింగు నుంచి శాశ్వతంగా తప్పించి వర్క్‌షాపులో వేశారు. ఉద్యోగం పోలేదు. ఇప్పుడు అక్కడ పడవ మోటార్లన్నీ వాడి చేతి మీదే నడుస్తాయి. పెళ్లయింది. సెలవుకు వచ్చినప్పుడు మా ఇంటికి వస్తారు. ఆ అమ్మాయి స్కూటీ నడుపుతుంది, వీడు వెనక కూర్చుంటాడు. పెళ్లికి ముందే అన్నీ చెప్పాడట.

నేను పెన్షన్ మీద ఇంటికి వచ్చాక, ఇస్సాకు సంగతి విన్న మా వీధి వాళ్లు కొందరు నా దగ్గరికొస్తున్నారు. సిమెంటు లారీ నడిపే మా పక్కింటి అతను ఒకరోజు, "బాబాయ్, స్టీరింగు మీదే తూగు వస్తంది, టీ తాగినా పోటల్లా," అన్నాడు. గురక పెడతావా అని అడిగాను. వాళ్లావిడ లోపలి నుంచే, "వీధి చివరికి ఇనపడుద్ది మావయ్యా," అంది. ఇద్దరినీ వెంటబెట్టుకుని నరసరావుపేట డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఇప్పుడతను రాత్రి ముక్కుకు గాలి మిషను పెట్టుకుని పడుకుంటున్నాడు. నాకు వైద్యం తెలియదు. ఎవరినైనా సోమరి అనే ముందు డాక్టరుకు చూపించాలని మాత్రం తెలుసు.

నా యూనిఫారం మీద మెడల్సున్నాయి. రిపబ్లిక్ డే పరేడ్లు చూశాను, పెద్ద పెద్ద జనరల్స్‌కు సెల్యూట్ కొట్టాను. మా కంపెనీని తలుచుకోగానే నాకు కనబడేది మాత్రం అవేవీ కాదు. మేం పల్నాడు వదిలిన రోజు.

ఎండ కాసింది. పడవలు ట్రక్కుల మీదికి ఎక్కాయి. స్కూలు ముందు ట్రక్కులు వరసగా నిలబడ్డాయి. ఇంజన్లు ఆన్‌లో ఉన్నాయి, పొగ లేస్తోంది. సాగనంపడానికి జనమంతా గేటు దగ్గర చేరారు. లెక్క చూస్తే ఇస్సాకు లేడు. వెతుక్కుంటూ వరండాలోకి వెళ్లాను. వాడు బూట్లతోనే, కిట్ బ్యాగు తల కింద పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి పడుకుని ఉన్నాడు. అది వాడి కునుకు వేళ.

వాడి ముందు హవల్దార్ నిలబడి ఉన్నాడు. వీపు వాడి వైపు, మొహం ట్రక్కుల వైపు. రెండు చేతులూ పైకెత్తి, ఇంజన్లు ఆపమని సైగ చేస్తున్నాడు. మొదటి ట్రక్కు ఆగింది. రెండోది ఆగింది. వరసలో చివరిదాకా ఒక్కొక్కటీ ఆగిపోయాయి. మేజర్ సాబ్ జీపులోంచి తల బయటపెట్టి చూశారు. వాచీ చూసుకున్నారు. తాళం తిప్పి తన జీపు కూడా ఆపేశారు.

గేటు దగ్గర జనం మాటలు మానేశారు. ఎవరో తల్లి ఏడవబోతున్న బిడ్డను భుజాన వేసుకుని దూరంగా నడిచింది.

"ఇంక ఐదు నిమిషాలే సాబ్," అన్నాడు హవల్దార్ గుసగుసగా. "ఆనంతట ఆడే లేస్తడు."

నేను ఆయన పక్కన అటెన్షన్‌లో నిలబడ్డాను.